పదకొండు ఎర్రాకులు

మా అపార్ట్‌మెంటులో ఈమధ్య ఒక ఓటింగు జరిగింది. ప్రహరీ పక్కన మిగిలి ఉన్న నాలుగడుగుల మట్టి మీద టైల్సు పరిచి స్కూటర్లకు చోటు చేయాలా, వద్దా అన్నది ప్రశ్న. ప్రశ్న ఫోనులో వచ్చింది, జవాబు బొటనవేలితో నొక్కమన్నారు. ఎవరు ఏది నొక్కారో పేర్లతో సహా అందరికీ కనిపిస్తూనే ఉంది. ప్రతిపాదించినవారెవరో తెలియదు, బలపరిచినవారెవరో తెలియదు, ముందస్తు నోటీసు లేదు, చర్చ అంతకన్నా లేదు. ఇది సరైన పద్ధతి కాదని నేను కార్యదర్శికి ఉత్తరం రాసి, నకలు దాచుకుని, స్వయంగా వెళ్ళి చేతికిచ్చాను. ఆయన దానిని వెనక్కీ ముందుకూ తిప్పి చూసి, "మేడమ్, ఇదంత కాయితం మీద ఎందుకు, వాట్సాప్‌ల పెట్టుండ్రి" అన్నాడు. మరునాటికే టైల్సు పని మొదలైంది.

ఆ పని చూస్తూ కింద నిలబడి ఉండగా, చక్రాల కుర్చీలో కూర్చున్న ఒక వృద్ధురాలు నా పక్కకు వచ్చి ఆగింది. మడికొండలో ఐటీ ఉద్యోగాలు వచ్చాక మా భవనంలోకి రోజూ ఎవరో ఒకరు దిగుతూనే ఉంటారు. ఈమె మనుమరాలితో కలిసి మూడో అంతస్తులోకి కొత్తగా వచ్చిందట. ఆమె నా ముఖాన్ని కాసేపు పరీక్షగా చూసి, "నువ్వు విమలవు గదా? కరుణక్క పెంచిన పిల్లవు" అంది. గొంతును బట్టి గుర్తుపట్టాను. జనగామ యశోదమ్మ. దాదాపు నలభై ఏళ్ళుగా నేను ఆమెతో మాట్లాడలేదు. మాట్లాడకపోవడానికి కారణం నా దగ్గర రాతపూర్వకంగా ఉంది.

కరుణమ్మ మా పెద్దమ్మ, మా అమ్మకు సొంత అక్క. నేను కాలేజీ చదువుకని హనుమకొండ వచ్చి ఆమె దగ్గర ఉండిపోయాను. చదువు అయ్యాక అక్కడే బోటనీ లెక్చరర్‌గా చేరి కూడా ఆమెను విడిచి వెళ్ళలేదు. పెద్దమ్మ దవాఖానలో హెడ్ నర్సుగా చేసి రిటైరైంది. తెల్లవారగానే ప్రార్థన, ఒక కీర్తన, ఆ తరువాత మోచేతుల దాకా సబ్బుతో కడుక్కున్న చేతులు, అప్పుడు మొక్కలు. రాత్రి కడిగిన బియ్యం నీళ్ళు గులాబీలకు, వాడిన టీ పొడి ఎండబెట్టి ఫెర్నులకు, ఆదివారం చేపలు కడిగిన నీళ్ళు మల్లెకు. వేపపిండి నానబెట్టిన కుండ వాసన మా వంటింటి గుమ్మం దాకా వచ్చేది; చర్చి నుంచి పలకరించడానికి వచ్చినవారు ముక్కుకు కొంగు అడ్డం పెట్టుకుని కూర్చునేవారు. ప్రతి మొక్కకూ ఆమె దవాఖాన ప్లాస్టరు ముక్క అంటించి, దాని మీద పేరు, నాటిన తేదీ రాసేది. రిజిస్టరు రాసే పని నాది. ఒకనాడు అలసిపోయి, రేపు రాస్తానని అంటే ఆమె నా చేతిలో పెన్ను పెట్టి, "డ్యూటీ దిగేముందు రాసిపెట్టాలె బిడ్డా. మందు ఇచ్చిన అని నువ్వు చెప్తే ఎవరు ఇంటరు? పుస్తకం చెప్పాలె" అంది. అప్పటి నుంచి ఇప్పటి వరకు నేను రాయకుండా పడుకున్న రోజు లేదు.

ఉద్యోగంలో ఉన్నంతకాలం పెద్దమ్మకు దవాఖాన క్వార్టరు ఉండేది, దాని వెనక పెద్ద తోట ఉండేది. వరంగల్ ఉద్యాన సంఘం పుట్టింది ఆ తోటలోనే, వేపచెట్టు కింద వేసిన రెండు చాపల మీద. రిటైరైన రోజున క్వార్టరు ఖాళీ చేసి, హనుమకొండలో రెండు గదుల కిరాయి ఇంట్లోకి వచ్చాం. ముందు సిమెంటు వాకిలి, గేటు పక్కన ఇంటి యజమాని నాటిన క్రోటన్ల వరుస. మట్టి అంటే అంతే. తోటలో ఉన్నవాటిలో తీసుకురాగలిగినవన్నీ ఆమె నూనె డబ్బాల్లోకి, పగిలిన బకెట్లలోకి, కుండీల్లోకి మార్చింది. నడవడానికి దారి లేనంతగా వాకిలి నిండిపోయింది. ఆ కుండీల్లో ఒకటి ఆమె గింజ నుంచి మొలిపించిన క్రోటన్. ముదురు ఎరుపు ఆకు. కొనకు చేరేసరికి ఆకు తెగిపోయి, సన్నటి ఈనె మాత్రం మిగిలి, దాని చివర మళ్ళీ చిన్న ఆకు వేలాడుతూ ఉండేది, చెవికి జూకా వేలాడినట్టు. దానిని జూకాల మొక్క అని పిలిచేవాళ్ళం. అటువంటిది మరెక్కడా చూడలేదు. దాని నుంచి పెద్దమ్మ తీసి ఇచ్చిన కొమ్మ ఒక్కటే. రిజిస్టరులో నా దస్తూరీతో ఉంది: "జూకా క్రోటన్, కొమ్మ ఇచ్చినది, యశోదమ్మ గారికి, జనగామ."

యశోదమ్మ జనగామ సంఘానికి అధ్యక్షురాలు. పాలకుర్తి వైపు రైతు కుటుంబంలో పుట్టి, జనగామలో పెద్ద పెరడు ఉన్న ఇంటికి కోడలుగా వచ్చిన మనిషి. నెలకోసారి బస్సెక్కి మా ఇంటికి వచ్చేది. గేటు తీస్తూనే, "అక్కా, నీ వాకిట్ల మనిషి కాలు పెట్టే జాగ లేదు, నేను ఎగిరి రావాల్నా?" అని కేకవేసేది. పెద్దమ్మ లోపలి నుంచే, "ఎగురు. నీ బరువుకు డబ్బాలు పగిలితే కొత్తయి కొనియ్యాలె" అనేది. నేను ఆమెను చిన్నమ్మా అని పిలిచేదాన్ని.

ఇటువంటి ఊళ్ళ సంఘాలన్నీ కలిసి ఒక రాష్ట్ర సమాఖ్యగా ఉండేవి. ఏడాదికొకసారి ఒక్కో ఊళ్ళో సమ్మేళనం జరిగేది. రెండు రోజులు పూల ప్రదర్శన, మూడో రోజు సర్వసభ్య సమావేశం, ప్రతి సంఘానికీ ఒక ఓటు. ఆ ఓటు వేసే పద్ధతి నేను మరెక్కడా వినలేదు. తోటమనుషులు కాగితం వృథా చేయకూడదని మొదటి పెద్దలెవరో నియమం పెట్టారట. అందుకని ఆకులతో ఓటు. ప్రతినిధి ఇంటి నుంచి తడి చేతిరుమాలులో రెండు క్రోటన్ ఆకులు తెచ్చుకోవాలి, ఒకటి పచ్చది, ఒకటి ఎర్రది. క్రోటన్ ఎందుకంటే అది లేని ఇల్లు లేదు, రోజంతా వాడదు. తీర్మానానికి సమ్మతి అయితే పచ్చాకు, కాకపోతే ఎర్రాకు, మూతి సన్నంగా ఉన్న మట్టికూజాలో వేయాలి. మిగిలిన ఆకును తుంచి ఎరువుబుట్టలో పడేయాలి. ఓటు వేయకుండా ఊరుకునే వీలు లేదు. కూజాలోని ఆకుల సంఖ్య హాజరైన సంఘాల సంఖ్యతో సరిపోకపోతే ఓటింగు చెల్లదు. ఇంకొక నియమం కూడా ఉండేది: ఆకు ప్రతినిధి తన చేత్తో పెంచిన మొక్కదై ఉండాలి. ఆ నియమాన్ని ఎవరూ పట్టించుకునేవారు కాదు. నాకు ఇప్పటికీ ఆశ్చర్యంగా ఉండే సంగతి వేరే ఉంది. ముల్లు చూసి గులాబీ పేరు చెప్పగల మనుషులు అంతమంది ఒక హాలులో కూర్చుని, ఆకు చూస్తే అది ఎవరింటిదో తెలిసిపోతుందన్న ఆలోచన లేకుండా, దానికి రహస్య ఓటింగు అని పేరు పెట్టుకున్నారు.

సమ్మేళనం మొదటిసారి హనుమకొండకు వచ్చిన ఏడాది సమాఖ్య అధ్యక్ష పదవి ఖాళీ అయింది. అది పెద్దమ్మకే రావాలని అందరూ అనుకున్నారు. ఆమె నోరు తెరిచి ఎన్నడూ అడగలేదు గాని, ఆ ఏడాది ఆమె కొత్త చీర కొనుక్కుంది, అంచు మీద సన్నటి ఆకుల వరుస ఉన్నది. దానిని మడత విప్పకుండా పెట్టెలో పెట్టి అప్పుడప్పుడు తెరిచి చూసుకోవడం నేను చూశాను. అడ్డుగా నిలిచింది నియమావళిలోని ఒక వాక్యం. సొంత భూమిలో తోట ఉన్న సభ్యులకే రాష్ట్ర పదవులకు అర్హత. జీవితమంతా దవాఖాన నేలలో, ఆ తరువాత నూనె డబ్బాల్లో పెంచిన మనిషికి అర్హత లేదు. ఈ వాక్యాన్ని మొదటిసారి చదివిన రోజున నాకు వచ్చిన కోపం ఇప్పటికీ నా అక్షరాల్లో కనిపిస్తుంది. పెన్ను పాళీ కాగితాన్ని చీల్చింది. కుండీల్లో పెంచేవారికి కూడా అర్హత ఉండాలని సవరణ తయారుచేసి, పదిహేను రోజుల ముందు నోటీసు ఇచ్చి, నేనే ప్రతిపాదించాను. పెద్దమ్మ ఆ కాగితాన్ని రెండుసార్లు చదివి, కళ్ళజోడు తీసి తుడుచుకుని, "నీ రాత మంచిగున్నది" అంది. అంతే.

సర్వసభ్య సమావేశం రోజు పొద్దున నేనే గేటు దగ్గరి క్రోటన్ల నుంచి ఒక పచ్చాకు, ఒక ఎర్రాకు తుంచి, రుమాలు తడిపి, అందులో చుట్టి, మా సంఘం ప్రతినిధిగా వెళ్తున్న పెద్దమ్మకు ఇచ్చాను. రిక్షా వచ్చి నిలబడింది. పెద్దమ్మ ఎక్కబోయి, ఏదో మరిచిపోయానని మళ్ళీ లోపలికి వెళ్ళి వచ్చింది. ఒక స్కూలు హాలులో సమావేశం. ప్రదర్శనలో మిగిలిపోయిన బంతిపూలు, లిల్లీలు మురగడం మొదలై హాలంతా తియ్యటి వాసన. సవరణ మీద చర్చ గంటసేపు సాగింది. దిగిపోతున్న అధ్యక్షుడు రిటైరైన పెద్ద అధికారి, ఆయన లేచి, "కుండీలను నెత్తి మీద పెట్టుకుని రేపు ఇంకో ఇంటికి పోవచ్చు. చెట్టు అట్ల పోదు. స్థిరత్వం ఉన్నవారే సంస్థను నడపాలె గదా" అన్నాడు. కొందరు నవ్వారు. ఖమ్మం ప్రతినిధి లేచి, "అయ్యా, మీ తోట పెంచేది మీ మాలి. ఆయనకు స్థిరత్వం ఉన్నదా?" అంటే మరికొందరు నవ్వారు. పెద్దమ్మ ముందు వరుసలో, రుమాలు ఒళ్ళో పెట్టుకుని, నవ్వకుండా కూర్చుని ఉంది.

సమాఖ్య మినిట్స్ రాసే పని నాకప్పగించారు. ఇద్దరు పెద్దలు కూజాను తెల్ల గుడ్డ మీద బోర్లించి, ఒక్కొక్క ఆకు ఎత్తి "పచ్చ", "ఎర్ర" అని చదువుతుంటే నేను గీతలు గీస్తూ వచ్చాను. హాజరైన సంఘాలు ఇరవై ఒకటి. ఎనిమిదో ఎర్రాకుకు జూకా ఉంది. ఎత్తిన పెద్దమనిషి దానిని మిగతావాటిలాగే పక్కన పెట్టాడు. నేను గీత గీశాను. లెక్క పూర్తయ్యేసరికి పచ్చవి పది, ఎర్రవి పదకొండు. సవరణ వీగిపోయింది. భోజనాల తరువాత జరిగిన ఎన్నికలో యశోదమ్మ పేరు ఎవరో ప్రతిపాదించారు, పోటీ లేకుండా ఆమె సమాఖ్య అధ్యక్షురాలైంది. ఇంటికి వచ్చాక పెద్దమ్మ కొత్త చీర మార్చుకుని, మడతపెట్టి, "అయిపాయె. పా, కుండీలకు నీళ్ళు పెట్టాలె" అంది. ఆ రోజు డైరీలో నేను రాసిన ఆఖరి వాక్యం రెండే మాటలు: "ఆకు జనగామది."

అంతటి రుజువు చేతిలో ఉన్నా నేను ఎవరికీ చెప్పలేదు. ఓటు రహస్యం, దానిని బయటపెట్టడం నియమావళికి విరుద్ధం. కాని యశోదమ్మ మా ఇంటికి వచ్చినప్పుడు టీ పెట్టి ఇచ్చి గదిలోకి వెళ్ళిపోయేదాన్ని. చిన్నమ్మా అని పిలవడం మానేశాను. ఆమె ఉత్తరాలకు జవాబు రాయలేదు. వచ్చిన తేదీ మాత్రం నమోదు చేసుకున్నాను. పెద్దమ్మ ఒకసారి, "ఎందుకే దాని మీద గట్ల మొఖం పెడ్తవు?" అని అడిగింది. ఏమీ లేదన్నాను. ఆమె నా ముఖం వైపు కొంచెంసేపు చూసి, ఇంకేదో అనబోయి, పైపు పట్టుకుని వాకిట్లోకి వెళ్ళిపోయింది. తరువాత కొన్నేళ్ళకు ఆమె పోయింది. సమాధి దగ్గరికి యశోదమ్మ బుట్టెడు చామంతులు తెచ్చింది. నేను అందుకోలేదు, పక్కన ఉన్నవారు అందుకున్నారు. సమాఖ్య కూడా ఆ తరువాత ఎక్కువ కాలం సాగలేదు. సంఘాలు ఒక్కొక్కటే చందా కట్టడం మాని, ఆఖరి సమ్మేళనానికి కోరం కూడా రాలేదు. మినిట్స్ పుస్తకాలు ఎవరూ అడగలేదు గనుక నా దగ్గరే ఉండిపోయాయి.

టైల్సు పని జరుగుతున్న రోజు సాయంత్రం యశోదమ్మ మనుమరాలు వచ్చి, అమ్మమ్మ రమ్మంటున్నదని పిలిచింది. వెళ్ళాను. ఎందుకు వెళ్ళానో తెలియదు. ఎనభై దాటిన మనిషిని కాదనడం మర్యాద కాదని కావచ్చు. ఆమె నన్ను మంచం పక్కన కూర్చోబెట్టి, మనుమరాలిని టీ పెట్టమని పంపి, సూటిగా అడిగింది.

"గా జూకాల మొక్క సంగతి నీకెట్ల తెల్సిందే?"

ఆకు సంగతి తానే ఎత్తుతున్నదనుకున్నాను. "చూశాను. నా కళ్ళతోనే చూశాను" అన్నాను.

"జనగామకు వచ్చినవా? ఎప్పుడొచ్చినవ్?" ఆమె నిజంగానే ఆశ్చర్యపోయింది. "నేనైతే ఎవ్వలికి చెప్పలే. అక్క గంత ప్రేమగ ఇచ్చిన కొమ్మ, మొదటి ఎండకాలమే మాడిపాయె. పెండ్లికని పోయి చుట్టాలింట్ల వారం ఉన్న, నీళ్ళు పొయ్యుమని ఎవ్వలికి చెప్పక పోయిన. వచ్చేటాల్లకు కట్టె అయింది. అక్క అడిగినప్పుడల్లా, మస్తు పెరిగిందక్కా అని అబద్ధం చెప్పుకుంట వచ్చిన. గందుకే గదా నువ్వు నాతోని మాట్లాడుడు బంజేసినవు? మొక్కను చంపి అబద్ధం ఆడిన అని."

 మొక్క మాడిపోయింది సమ్మేళనానికి ముందా, తరువాతా అని అడిగాను.

"ఏ సమ్మేళనం?"

"హనుమకొండది. మీరు అధ్యక్షురాలైనది."

"ఏందే గట్ల అడుగుతవు. మస్తు ముందు. రెండేండ్ల ముందు." ఆమె నా చేయి పట్టుకుంది. "ఆ రోజు మీ పెద్దమ్మను ఎంత తిట్టిననో నీకు ఎరికేనా? పొద్దుగాల హాలు బయట నాతోని అన్నది, నా పిల్ల నా కోసం పెట్టిన తీర్మానం, దానికి నేనే పచ్చాకు ఎయ్యాల్నా, నలుగురు ఏమంటరు, నేను ఎర్రదే ఏస్త అని. నేనన్న, నీకేమన్న పిచ్చా అక్కా, ఒక్కాకుతోని ఓడితే? అక్కేమో, ఒక్కాకుతోని ఎవరు ఓడుతరే, ఫికర్ చెయ్యకు అన్నది. తర్వాత ఆ కుర్చీల కూసోవుడు నాకు ముళ్ళ మీద కూసున్నట్టే ఉండె. నీకు చెప్పిందనుకున్న నేను. చెప్పలేదా?"

చెప్పలేదన్నాను. టీ వచ్చింది, తాగాను. నాకు దుఃఖం రాలేదు, సిగ్గు కూడా రాలేదు. ఏమీ రాలేదన్న సంగతిని ఆ రాత్రి డైరీలో రాసుకున్నాను, తరువాత ఇనుపపెట్టె తెరిచి సమ్మేళనం జరిగిన ఏటి డైరీ తీశాను. సమావేశం రోజు పేజీలో పైనే ఉంది, నా చేతి రాతే: "రిక్షా వచ్చాక పెద్దమ్మ మళ్ళీ లోపలికి వెళ్ళి వచ్చారు. ఆలస్యం పది నిమిషాలు." గేటు దగ్గరి క్రోటన్లు ఇంటి యజమానివి. తన చేత్తో పెంచినది కాని ఆకుతో ఆమె ఓటు వేయదు. ఎవరూ పాటించని నియమాన్ని పాటించడానికి, రిక్షాను నిలబెట్టి, తన డబ్బాల దగ్గరికి వెళ్ళింది. ఆ డబ్బాల్లో ఎర్ర క్రోటన్ అంటే జూకాలది ఒక్కటే ఉండేది. ఇవన్నీ నాకు ఆనాడే తెలుసు. అన్నీ రాసి కూడా పెట్టాను. ఒక పేజీలో పై వాక్యాన్నీ కింది వాక్యాన్నీ కలిపి చదవడానికి నాకు నలభై ఏళ్ళు పట్టింది. నేను కోపగించుకున్న ఆ వాక్యం, సొంత భూమి గురించినది, ఎంత అన్యాయమైనదో ఇప్పటికీ అంతే అన్యాయమైనది. అందులో నా మాట మారదు. మారినదల్లా, ఆ పదకొండులో ఒకదాని మీద నేను రాసిన పేరు.

జూకాల మొక్క ఇంకా ఉంది. పెద్దమ్మ పోయాక ఇళ్ళు మారిన ప్రతిసారీ దానినీ మోసుకు తిరిగాను. ఆ పాత అధికారి అన్నట్టే, కుండీ గనుక కదిలింది. ఇప్పుడు నా ఉత్తరపు బాల్కనీలో ఉంది. అక్కడికి ఎండ రాదు. నీడలో క్రోటన్‌కు రంగు రాదు. కొన్నేళ్ళుగా దానికి వచ్చే ప్రతి ఆకూ పచ్చగానే వస్తోంది. మరునాడు పొద్దున జానెడు కొమ్మ కోసి, పాలు కారడం ఆగేదాకా నీళ్ళలో ముంచి, రుమాలు తడిపి చుట్టి, మూడో అంతస్తుకు తీసుకువెళ్ళాను.

యశోదమ్మ కళ్ళకు దగ్గరగా పెట్టుకుని చూసింది. వేలాడుతున్న చిన్న ఆకును వేలితో ఊపింది. "అదే. కని ఎర్రగుండె గదా ఇది?"

"ఎండ లేదు, చిన్నమ్మా" అన్నాను.

ఆమె దానిని గ్లాసులో నీళ్ళు పోయించి, తన కిటికీలో, తూర్పు వైపు పెట్టించింది. "వేర్లొస్తే కబురు చేస్త" అంది. కొంచెం ఆగి, "సచ్చినా చేస్త, ఈసారి" అంది.

పైకి వచ్చి రిజిస్టరు తీసి, ఆ పాత నమోదు కిందనే కొత్తది రాశాను: "జూకా క్రోటన్, కొమ్మ ఇచ్చినది, యశోద చిన్నమ్మకు, మూడో అంతస్తు." ఆ పుస్తకంలో ఇచ్చిన మొక్కల పేజీలన్నిటికీ మూడే గడులు: మొక్క పేరు, ఎవరికి, ఎప్పుడు. స్కేలు తీసుకుని, ఆ పేజీకి నాలుగో గడి గీశాను. దానికి పైన "బతికినదా" అని రాసి, కింద ఖాళీగా వదిలాను.